మైకు ఆగిన మధ్యాహ్నం

పోయినవారం వార్తలమ్మాయిని కేబుల్ ఆఫీసు వెనకగదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నోరు తెరిచి కూర్చున్న చోట వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆమె అలాగే కూర్చుందని బెంగపడకండి. వారం గడిచింది మనకే. ఆమె ఇంకా రెప్పైనా వెయ్యలేదు.

అంతవరకూ జరిగింది ఇదీ. జలపాతం కింద మడుగులో, కొత్తగా పెళ్ళయిన ఒక కుర్రవాడు మునిగి చనిపోయాడు. పైన ఎక్కడో వాన పడింది, ఇక్కడ ఉన్నట్టుండి నీళ్ళు పెరిగాయి. మడుగు దగ్గర కాపలా ఉండే గజ ఈతగాడు దూకి, మునిగి, వెతికి అతన్ని పైకి తేగలిగాడు గానీ ప్రాణంతో తేలేకపోయాడు. ఆ పెళ్ళికూతురు మొగుడి చెప్పులు చేత్తో పట్టుకుని సాయంత్రం దాకా ఒడ్డునే నిలబడింది. ఎవరు చెప్పినా ఆ చెప్పులు కింద పెట్టలేదు. జలపాతం మూసేశారు. హోటళ్ళు బోసిపోయాయి, గుర్రాలవాడు గుర్రాన్ని ఇంటి ముందు కట్టేసుకుని దాని మొహమూ తన మొహమూ ఒకటి చేసుకుని కూర్చున్నాడు. తప్పు ఎవరిదో తేలితే గానీ గేట్లు తెరవరు. అందుకని తొందరగా తేల్చేశారు, ఈతగాడిదే అని. ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

"నీళ్ళు పెరిగినప్పుడు మైకులో చెప్పలేదు" అని అతను మొత్తుకున్నాడు. "చెప్పాను" అన్నాడు మైకు పెద్దాయన. ఈతగాడు వార్తలమ్మాయి మొగుడు. మైకు పెద్దాయన ఆమె కన్నతండ్రి. ఇక ఆ ఇంట్లో అన్నం ఎలా దిగుతుందో మీరే ఊహించుకోండి.

ఊరంతా పెద్దాయన వైపే నిలబడింది. టీ కొట్టువాడు, ఫోటోలు తీసే ఆయన, టోపీలు అమ్మే ఆవిడ, అందరూ మైకు విన్నామని ఒట్టేసి చెప్పారు. వాళ్ళేమీ కావాలని అబద్ధమాడలేదు. ఏళ్ళ తరబడి పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా చెవుల్లో అదే గొంతు, అవే మాటలు. "అయ్యలారా, అమ్మలారా, ఎర్రరాయి ఏ క్షణానైనా మునుగుతుంది, మడుగులోంచి బయటికి రండి, నీళ్ళు చెప్పి రావు." ఆ గొంతు ఆగిపోయినా వాళ్ళ చెవులు ఆగవు. వార్తలమ్మాయి మాత్రం తక్కువ తిందా? "ఆ రోజు మా కేబుల్ షూటింగ్ అయ్యాక నాన్న మళ్ళీ మైకు వేశాడండీ, నేనూ విన్నాను" అని మొగుడి మొహం మీదే చెప్పింది. అతను ఆమెకేసి చాలాసేపు చూసి, కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి అవసరానికి మించి ఒక్క మాట లేదు.

రేపు విచారణ. రేపే జలపాతం గేట్లు కూడా తెరుస్తారు. "ఊరికి మళ్ళీ కళ వచ్చేలా ఏదైనా చూపించమ్మా" అని కేబుల్ ఓనరు అడిగితే, ఆమె ఆ రోజు తీసిన టేపు బయటికి తీసింది. చావు జరిగిన రోజు తీసిన బొమ్మలు ఎవరికి కావాలని ఇంతవరకూ ఎవరూ దాని మొహం చూడలేదు. అందులో ఆమె గట్టుమీద నిలబడి, వెనక జలపాతం పడుతుండగా, చూడవలసిన చోట్ల గురించి నవ్వుతూ చెబుతోంది. చెప్పడం అయ్యాక వాన అందుకుంది. కెమెరా కుర్రవాడు కెమెరాను గొడుగు కిందకు లాక్కున్నాడు, ఆపడం మరిచిపోయాడు. ఇక బొమ్మలో తడి రాయి, ఎవరివో కాళ్ళు. చెవుల్లో మాత్రం వాన, నీళ్ళు, ఎవరివో నవ్వులు, ఎవరో ఎవరినో ముద్దుపేరుతో పిలవడం. తర్వాత ఒక ఆడమనిషి కేక.

వాటి మధ్య ఎక్కడా నాన్న గొంతు లేదు. పోయినవారం మనం ఆగింది ఈ మాట దగ్గరే.

*

"అక్కా, ఏమైంది? మొహం అలా అయిపోయిందేంటి?" అన్నాడు కెమెరా కుర్రవాడు.

"ఏం లేదు. ఈ టేపు ఇలాగే ఉంచు. ఎవరికీ ఇవ్వకు, ఓనరుగారు అడిగినా సరే."

"మరి సాయంత్రం వార్తలకి?"

"అప్పటికి వచ్చేస్తాను."

బయటికి వచ్చింది. వాన అప్పుడే ఆగింది. ఎదురుగా కొండ కడిగినట్టు స్పష్టంగా ఉంది, కొండ అవతల మాత్రం ఆకాశం నల్లగా దిగి ఉంది. హోటళ్ళవాళ్ళు రేపటి కోసం మెట్లు కడుగుతున్నారు. టోపీల ఆవిడ టోపీలను మళ్ళీ తాడుకు వేలాడదీస్తూ, "వార్తలమ్మాయ్, రేపు జనం బాగానే వస్తారంటావా?" అని అడిగింది. "వస్తారు అత్తా" అని తల ఎత్తకుండా చెప్పి ముందుకు నడిచింది. ఆ అత్త కూడా ఒట్టేసినవాళ్ళలో ఒకతె.

పొద్దున్న మొగుడు అన్న మాట ఇప్పుడు చెవిలో తిరుగుతోంది. గడపలో నిలబడి, ఆమెకు కాదు, గోడకు చెబుతున్నట్టు అన్నాడు. "నా తాడు మడుగు దగ్గర కొక్కానికే ఉండిపోయింది. సాయంత్రంలోగా వెళ్ళి తెచ్చుకుంటాను. రేపటి నుంచి అక్కడ కాపలా ఎవడిదో."

"ఆ ఒక్క తాడు కోసం మీరు మళ్ళీ అక్కడికి వెళ్ళాలా?" అంది ఆమె.

"అది నేను కొనుక్కున్న తాడు" అని వెళ్ళిపోయాడు. మైకు మోగలేదని అతను చెప్పింది నిజమేనని ఇప్పుడు తెలిశాక ఆ మాట గుర్తొస్తే ఆమెకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. కట్టుకున్నవాణ్ణి ఊరు నమ్మకపోవడం వేరు, తను నమ్మకపోవడం వేరు.

ఆమె మైకు గది మెట్లెక్కింది. 

మైకు గది గురించి కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట. మడుగేమో కిందన ఉంటుంది. నీళ్ళు పెరిగేది ముందుగా తెలిసేది పైన మలుపులో, ఎర్రరంగు వేసిన ఒక రాయి దగ్గర. ఆ రాయి తడిస్తే కాసేపట్లో మడుగు పొంగుతుంది. మడుగులో ఉన్నవాళ్ళకు అడ్డంగా పెద్ద బండ ఉండటంతో ఆ రాయి కనబడదు. కనబడేది రెండు చోట్ల నుంచే, ఈ మైకు గది అద్దంలోంచి, ఎదురుగా షూటింగులు తీసే గట్టుమీద నుంచి. అందుకే అక్కడొక మనిషి, ఆ మనిషికొక మైకు.

తలుపు తోసిన చప్పుడుకే, "అమ్మాయా? రా తల్లీ. జోళ్ళు బయట విడువు, ఇప్పుడే తుడిచాను" అన్నాడు తండ్రి, వెనక్కి తిరగకుండా.

ఆయన రేపటి కోసం గది సర్దుకుంటున్నాడు. ఆంప్లిఫయరు మీద పచ్చగుడ్డ తీసి దులిపాడు. మంచినీళ్ళ చెంబు, కుర్చీ, చేతికర్ర, అన్నీ ఎప్పుడూ ఉండే చోట్లలోనే ఉన్నాయి. ఆమె చిన్నప్పుడు ఈ కుర్చీ కిందే పడుకునేది. తల్లి లేని పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆయన వెంట తెచ్చుకునేవాడు. జనంలో తప్పిపోతే మైకులో పిలిచేవాడు. "మా బంగారుతల్లి ఎక్కడుందో దయచేసి ఎవరైనా ఇటు పంపండి" అని. ఆమె గొంతు విప్పి నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకుంది ఆ మైకు దగ్గరే.

"ఈ అద్దానికి మసక ఎంత తుడిచినా పోవట్లేదు తల్లీ" అన్నాడు ఆయన గుడ్డతో అద్దం రుద్దుతూ. "కొత్తది వెయ్యమని చెప్పి చెప్పి నా నోరు పోయింది."

ఆమె అద్దం వైపు చూడలేదు. చూసే స్థితిలో లేదు.

"నాన్నా, ఆ రోజు షూటింగ్ అయ్యాక మైకు మళ్ళీ వేశావా?"

గుడ్డ ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "వేశాననే చెప్పాను కదా, ఆఫీసరుగారికి."

"ఆఫీసరుగారికి ఏం చెప్పావో ఊరంతా విన్నారు. నాకు చెప్పు."

"నీకు మాత్రం కొత్తగా ఏం చెబుతాను?" మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. తండ్రి అబద్ధం ఆడేటప్పుడు గొంతు సవరించుకుంటాడని ఆమెకు పలక పట్టినప్పటి నుంచి తెలుసు. మైకులో మాట్లాడే మనిషికి గొంతు సవరించుకోవడం మామూలే గదా అని ఇన్నాళ్ళూ తనకు తాను సర్దిచెప్పుకుంది.

"టేపు ఉంది నాన్నా. కెమెరా ఆగలేదు. వాన వినపడుతోంది, వాళ్ళిద్దరి నవ్వులు వినపడుతున్నాయి, ఆ అమ్మాయి కేక వినపడుతోంది. నీ గొంతు ఒక్కటే లేదు."

ఆయన కుర్చీ వెనక చెయ్యి వేసి, తడుముకుని, నెమ్మదిగా కూర్చున్నాడు. 

"ఆ టేపు చెరిపెయ్" అన్నాడు.

"ఏంటి?"

"చెరిపెయ్ తల్లీ. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచికా?" ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "మా ఆయన రేపు పదిమంది ముందు దోషిలా నిలబడాలి. మొన్న బజారుకు వెళ్తే, పెళ్ళికొడుకుని మింగినవాడు అని ఎవడో వెనక నుంచి అన్నాడు. అదా నా మంచి? నీ కుర్చీ పోతుందని నేరం అల్లుడి మెడకు చుట్టావు, అలా చెప్పు!"

"కుర్చీ!" ముసలాయన నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. "ఈ కుర్చీ నాకెందుకే? నీ కోసం కాకపోతే ఆ రోజే లేచి, తప్పు నాదే, మైకు వెయ్యలేదు అని చెప్పేసేవాణ్ణి. చెబితే, ఎందుకు వెయ్యలేదు అని అడుగుతారు కదా? అప్పుడు నీ పేరు చెప్పాలి."

"నా పేరా?"

"నువ్వు ఊపలేదు కదమ్మా."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఏర్పాటు ఉంది. షూటింగ్ ఉన్నప్పుడల్లా, మైకు గోలలో తన మాట వినపడదని ఆమె ఫోను చేస్తుంది, ఆయన మైకు ఆపుతాడు. పని అయ్యాక ఆమె గట్టుమీద నిలబడి పసుపు చున్నీ ఊపుతుంది. అద్దంలోంచి ఆయన చెయ్యి ఎత్తి చూపించి, మళ్ళీ మైకు వేస్తాడు. ఎవరూ రాసిన రూలు కాదు, ఎవరినీ అడిగి చేసిందీ కాదు. కూతురి ముచ్చట.

"కన్నార్పకుండా గట్టుకేసే చూస్తూ కూర్చున్నాను" అన్నాడు ఆయన. "నువ్వు ఊపలేదు. ఇంకా అవలేదేమో అనుకున్నాను. అంతకుముందు ఒకసారి తొందరపడి మధ్యలో వేస్తే ఎంత గొడవ చేశావు! 'నా పొట్ట కొడుతున్నావు నాన్నా, నీ గోల కాసేపు ఆపలేవా' అన్నావు, ఆ కుర్రాళ్ళందరి ముందూ. గుర్తుందా? అందుకే ఈసారి ఆగాను. నువ్వు ఊపేదాకా వెయ్యకూడదని ఆగాను. ఆ తర్వాత అరుపులు వినపడ్డాయి."

గుర్తుంది. అనడం గుర్తుంది, ఆయన మొహం చిన్నబోవడం గుర్తుంది, తర్వాత తను క్షమాపణ చెప్పకుండా వ్యాన్ ఎక్కడం కూడా గుర్తుంది.

"ఏమని చెప్పమంటావు చెప్పు" అన్నాడు తండ్రి.  "మా అమ్మాయి చున్నీ ఊపడం మరిచిపోయింది, అందుకని ఒకడి ప్రాణం పోయింది అని చెప్పనా? రోజూ సాయంత్రం ఇంటింటా కనబడే మొహం నీది. ఊరు నిన్ను బతకనిస్తుందా? అల్లుడంటే మగాడు, ఈత వచ్చినవాడు. ఈ నీళ్ళు కాకపోతే ఇంకో నీళ్ళ దగ్గర బతుకుతాడు. తప్పే. తప్పని నాకు తెలీదనుకున్నావా? రోజూ అన్నం ముందు అతని మొహమే కనబడుతోంది."

వార్తలమ్మాయి గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. చెప్పులు పట్టుకుని నిలబడిన ఆ పెళ్ళికూతురు కళ్ళ ముందుకొచ్చింది. ఆ సాయంత్రం వార్తల్లో ఆ అమ్మాయి గురించి చదువుతూ తను గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా చూసుకుని చదివింది. చంపిందీ తనే, సంతాపం చదివిందీ తనే. పైగా కట్టుకున్నవాడి మీద సాక్ష్యం కూడా తనే చెప్పింది. ఇంతకంటే ఒక మనిషి దిగజారడానికి మెట్టు ఉండదనిపించింది. ఏడుపు కూడా రాలేదు.

తండ్రి చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. "ఊరుకో తల్లీ. నేనున్నాగా. నీ దాకా రానివ్వను."

 ఒళ్ళో పడి ఉన్న పసుపు చున్నీ కొసను వేళ్ళతో మెలిపెడుతుంటే, ఆ వేళ్ళకే ముందు గుర్తొచ్చినట్టుంది. వాన మొదలైంది, చున్నీ తడిసి బరువెక్కింది. ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. ఎత్తిందా? ఎత్తింది. టేపులో ఉంది. కెమెరా గొడుగు కిందకు వెళ్ళేముందు, చివర, పసుపుగా ఏదో అటూ ఇటూ ఆడింది. ఇందాక అది చూసింది కూడా, చూసి పట్టించుకోలేదు. ఆయన తిరిగి చెయ్యి ఎత్తాడో లేదో చూడకుండా వానకు పరుగెత్తింది, అది మాత్రం తన తప్పే. కానీ ఊపింది.

"నేను ఊపాను నాన్నా."

"లేదు తల్లీ."

"ఊపాను. రెండు చేతులతో ఊపాను. టేపులో ఉంది."

"కెమెరాకి ఏం కనబడిందో నాకు తెలీదు. నా కళ్ళతో నేను చూశాను. గట్టుమీద ఎవరూ ఏమీ ఊపలేదు." 

ఆమె ఆయన గొంతు కోసం ఎదురుచూసింది. ఆయన గొంతు సవరించుకోలేదు. తండ్రి నిజమే చెబుతున్నాడు. టేపూ నిజమే చెబుతోంది. ఈ రెండు నిజాలూ ఒకచోట ఎలా ఇముడుతాయో తెలియక ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన కూడా ఆమెకేసే చూస్తున్నాడు, కాకపోతే చూపు ఆమె చెవి పక్కగా ఎక్కడో ఆగింది.

"గట్టు దాకా వెళ్ళొస్తాను" అంది లేచి.

"ఇప్పుడెందుకమ్మా అక్కడికి?"

"ఊరికే."

"సరే, జాగ్రత్త. రాళ్ళు జారుతాయి. నేనీలోగా మైకు ఒకసారి వేసి చూసుకుంటాను. వాడక చాలా రోజులైంది."

*

గట్టు మైకు గదికి ఎదురుగానే ఉంటుంది, మధ్యలో నీళ్ళు, దాటడానికి ఒక కాలివంతెన, అంతే. ఆమె ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి వెనక్కి తిరిగింది.

అద్దం తళతళలాడుతోంది. దాని మీద మసక లేదు, మచ్చ లేదు. లోపల నాన్న భుజం మీద తువ్వాలు కనబడుతోంది, కళ్ళజోడు కనబడుతోంది, చేతిలో తుడుపుగుడ్డ కూడా కనబడుతోంది. ఆయన సరిగ్గా ఆమెకేసి తిరిగి నిలబడ్డాడు.

ఆమె చున్నీ తీసి ఊపింది.

ఆయన చెయ్యి ఎత్తలేదు.

రెండు చేతులతో పట్టుకుని, గట్టు అంచుదాకా వెళ్ళి, చిన్నపిల్లలా ఎగిరి ఎగిరి ఊపింది. నాన్న అద్దం దగ్గరకు వంగాడు. సరిగ్గా ఆమె నిలబడి ఉన్న మేర, గుడ్డతో శ్రద్ధగా తుడిచాడు. తుడిచి, మళ్ళీ చూసి, అసహనంగా తల ఆడించాడు.

ఆమె చేతులు వాటంతట అవే దిగిపోయాయి. కుర్చీ కోసం తడుముకోవడం, తలుపు చప్పుడుకు మనిషిని పోల్చుకోవడం, ఎప్పుడూ ఒకే చోట ఉండే చెంబు, కొత్త అద్దం కోసం అర్జీలు, అన్నీ ఒక్కసారిగా వరసకట్టాయి. నాన్నకు చూపు పోయింది. ఎప్పటి నుంచో పోతోంది. ఆయన మాత్రం తప్పంతా అద్దానిదే అనుకుంటున్నాడు. రోజంతా ఆగకుండా హెచ్చరిస్తూ ఉండబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా. కూతురు ఆపమన్న ఆ కాసేపట్లోనే నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు తను మొగుడి పేరు నిలబెట్టాలంటే ఈ మనిషిని వేలెత్తి చూపించాలి. చూపిస్తున్న వేలు కూడా ఆయనకు కనబడదు. ఆ ఆలోచనకు, ఇందాక రాని ఏడుపు ఇప్పుడు ముంచుకొచ్చింది.

అంతలో కొండకు కట్టిన హారన్లు గరగరమన్నాయి.

"హలో, హలో" అంది నాన్న గొంతు, ఎన్నో రోజుల తర్వాత. "అయ్యలారా, అమ్మలారా. ఎర్రరాయి బాగా పైకే ఉంది. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఏమీ భయం లేదు."

ఆమె అలవాటుకొద్దీ మలుపు వైపు చూసింది. 

ఎర్రరాయి లేదు. అది ఉండాల్సిన చోట బురదరంగు నీళ్ళు సుడి తిరుగుతూ దిగుతున్నాయి. కొండ అవతలి వాన వచ్చేసింది.

కింద మడుగు వైపు చూసింది. ముందు ఎవరూ లేరనుకుంది. ఆ తర్వాత బండ పక్కన నీలం చొక్కా కనబడింది. మోకాళ్ళ లోతులో వంగి, ఇనుప కొక్కానికి బిగిసిపోయిన తాడు ముడి విప్పుకుంటున్నాడు ఆమె మొగుడు. మైకు వినపడగానే తల ఎత్తి ఒక్క క్షణం ఆలకించాడు. ఆ గొంతు మోగలేదని ఊరందరితోనూ పోట్లాడిన మనిషి, ఆ గొంతు చెప్పిందంటే మాత్రం తిరిగి చూసుకోడు. ఇంకో రెండు అడుగులు లోపలికి వేసి, తాడు రెండో కొస అందుకోవడానికి నీళ్ళకు వీపు పెట్టి వంగాడు.

"ఏమండీ!" అని అరిచింది. "ఏమండీ, బయటికి రండి!" అరిచిన మాట తన చెవులకే అందలేదు. ఆ హోరులో మనిషి గొంతు దేనికీ పనికిరాదనే కదా ఈ ఊరు మైకు పెట్టుకుంది. ఫోను చేద్దామంటే అది సంచితో సహా నాన్న గదిలోనే ఉండిపోయింది. ఉన్నది ఒకటే మైకు. అది నాన్న చేతిలో ఉంది.

జారే రాళ్ళ మీద, జోళ్ళు లేని కాళ్ళతో, ఆమె మైకు గది వైపు పరుగెత్తింది.

"భయం లేదు" అంది ఆ గొంతు మళ్ళీ, పైనుంచి, ఎంతో ఆప్యాయంగా.